పన్నెండు మెట్లు, ఒక సినిమా పాట

2021 సెప్టెంబర్‌లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట విడుదలైంది. తమన్ బాణీ కట్టిన ఆ పాటకు ఎత్తుగడ ఇచ్చిన గొంతు దర్శనం మొగులయ్యది. పాత పాలమూరు జిల్లాకు చెందిన ఈ కిన్నెర కళాకారుడి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 2022లో పద్మశ్రీ కూడా వరించింది.

అసలు చిక్కు అక్కడే మొదలైంది.

ఆయన చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం కలిసిన వాయిద్యమిది. నాదం సన్నం, డప్పులా పదూళ్లకు వినపడదు. ఎడమచేతి వేళ్లు మెట్ల మీద నడుస్తుంటే నోరు కథ చెప్పాలి. చరణం ఆగిన చోట తీగ అందుకోవాలి. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ ఇలా నింపాదిగా సాగుతుంది. పాలమూరు పల్లెల్లో పాత తరానికి ఆ కథ ముందే తెలుసు. ఈసారి ఎలా చెబుతాడన్నదే వారి ఆసక్తి.

సినిమాతో పరిచయమైన శ్రోతకు అంత ఓపిక ఉండదు. విన్న ముక్కే మళ్లీ కావాలంటాడు.

కర్ణాటక సంగీతం ఈ పేచీని కొంతవరకు సర్దుకుంది. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచిన కచేరీ పద్ధతిలో బరువైన రాగవిస్తారం నడుమ వస్తుంది, తేలిక పాటలు చివరికి మిగులుతాయి. కిన్నెరకు అలాంటి వరస ఎవరూ కట్టిపెట్టలేదు. సభలో దొరికే కాసింత సమయంలో సాయన్నకెంత, సినిమాకెంత అన్నది కళాకారుడే అప్పటికప్పుడు తేల్చుకోవాలి.