మేడ బాగోగులకు ఒక పనివాడు

విరుదునగరం నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. దారి పొడవునా కనిపించేది నల్లరేగడి నేల. మన పెద్దలు కరిసల్ అని పిలుచుకున్న నేల ఇది. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. పత్తికి ఇది మంచి నేలే. ఇంటి గోడకు మాత్రం కాదు. పునాది కింద నేల కదిలితే గోడ బీటలు వారుతుంది, గొట్టాల అతుకులు వదులవుతాయి. అందుకే ఈ ప్రాంతంలో ఇల్లు కట్టడం ఎంత ముఖ్యమో, కట్టిన ఇంటిని కనిపెట్టుకొని ఉండడమూ అంతే ముఖ్యం.

సొంత ఇల్లైతే యజమాని చూసుకుంటాడు. మరి ఒకే మేడలో 12 కుటుంబాలు ఉంటే? వాటా లోపలి కొళాయి ఎవరిది వారిదే. పైకప్పు, నీటి తొట్టె, మోటారు, మెట్ల దీపం, మురుగు కాలువ అందరివీ. అందరివీ కాబట్టే ఎవరూ పట్టించుకోరు. పదిమంది చేరితే పాము చావదని ఊరికే అనలేదు మన పెద్దలు. కాబట్టి ఇలాంటి మేడల సంఘాలు నెలవారీ మరమ్మతులకు ఒక పనివాణ్ణి ఏర్పాటు చేసుకోవడం మంచిది. అది ఎలా చేసుకోవాలో ఈనాడు చెప్పుకుందాం.

మొదటి ప్రశ్న డబ్బు. పొత్తు నిధి మనకు కొత్త కాదు. విరుదునగరం వ్యాపారులు తమ వ్యాపారంలో కొంత భాగాన్ని మగమై అనే పేరుతో పొత్తు నిధికి తీసి ఉంచేవారు. 1903లో పుట్టిన కామరాజు చదువుకున్న క్షత్రియ విద్యాశాలకు ఇంటింటా పిడికెడు బియ్యం తీసి ఇచ్చేవారు. ఇచ్చేది కొంచెమే అయినా క్రమం తప్పకుండా ఇవ్వడమే అందులోని బలం. మన మేడలోనూ అంతే. మోటారు కాలిపోయిన రోజున ఇంటింటి తలుపు తట్టి వసూలు చేయడం కంటే, నెలనెలా ఒక మొత్తం చేర్చుకోవడం మేలు. 12 ఇళ్లవారు తలా 500 రూపాయలు వేస్తే నెలకు 6,000 అవుతుంది. అందులో కొంత పనివాని జీతానికి, కొంత సామానుకు పోగా, మిగిలినది పెద్ద ఖర్చులకు నిలవ ఉంటుంది.

రెండవది, ఎవరిని పెట్టుకోవాలి? కొళాయి వాషరు మార్చడం, వాల్వు బిగించడం, బల్బు వేయడం, తలుపు బందు సరిచేయడం, చిన్న పూత పని తెలిసినవాడు చాలు. కోవిల్‌పట్టి మిల్లుల్లో ఫిట్టరుగా చేసి విరమించినవారు దొరికితే ఇంకా మంచిది. మాటలు విని నిర్ణయించకండి. అతను ఏడాది కిందట పని చేసిన చోటికి వెళ్లి, ఆ పని ఇప్పుడు ఎలా ఉందో చూడండి. కట్టడపు పనివారల సంక్షేమ బోర్డులో నమోదై ఉన్నాడా అని అడగండి. లేకపోతే నమోదు చేసుకోవడానికి సాయపడండి. అది అతని కుటుంబానికి ఆసరా.

మూడవది, ఏమేమి పనులు చేయాలో కాగితం మీద రాయండి. వారానికొకసారి మోటారు, తొట్టె మూత, మెట్ల దీపాలు. నెలకొకసారి వాల్వులు, మురుగు దారి. కోవిల్‌పట్టికి తామ్రపర్ణి నీరు గొట్టాల్లో వస్తుంది. వచ్చిన నీటిని తొట్టెలో నిలవ చేసుకునే మనకు ఒక చిన్న కారుడు కూడా నష్టమే. మనకు పెద్ద వాన అయిప్పసి, కార్తిగై నెలల్లో కదా. కాబట్టి పురట్టాసి నెలలోనే పైకప్పు మీది ఆకులూ మట్టీ ఊడ్చి, వాన గొట్టాల్లో నీళ్లు పోసి చూడాలి.

గోడకు బీట కనిపిస్తే వెంటనే సిమెంటు పూసి దాచకండి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి, తేదీ వేయించండి. మూడు నెలల తరువాత బీట ఆ గీత దాటితే ఇంజనీరును పిలవాలి. అది పనివాని చేతిలో పని కాదు. 2016 నాటి రెరా చట్టం కింద నమోదైన మేడ అయితే, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు మీరు తెలియజేసిన కట్టడపు లోపాన్ని కట్టినవారే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అలాంటప్పుడు సంఘం డబ్బు ఖర్చు పెట్టకండి. వారికి ఉత్తరం రాయండి.

నాలుగవది, పనివానికి 12 మంది యజమానులు ఉండకూడదు. ఒకావిడ మేడ మీద నుంచి పిలిచి "తమ్ముడూ, మా కొళాయి ముందు చూడు" అంటుంది. కింద ఉన్న పెద్దాయన "లేదు నాయనా, ముందు ఈ దీపం" అంటాడు. చివరికి రెండు పనులూ సగంలో నిలుస్తాయి. పని చెప్పేవారు ఒక్కరే ఉండాలి. ఒక నోటు పుస్తకంలో తేదీ, చెప్పిన పని, చేసిన పని, కొన్న సామాను రాయాలి. సామాను సంఘమే బిల్లుతో కొనాలి. ఈ పుస్తకం ఉంటే పనివాని మీద అనుమానం రాదు, కార్యదర్శి మీదా రాదు. జీతం మాత్రం చెప్పిన తేదీకి చేతికి అందాలి.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన మాట. నమ్మకమైన మనిషి కదా అని అన్ని పనులూ చెప్పకూడదు. కరెంటు మెయిన్ బోర్డు లైసెన్సు ఉన్నవారి పని. లిఫ్టు దాని కంపెనీ వారి పని. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని ఎన్నడూ దించకూడదు. లోపల విషవాయువు నిండి ఉంటుంది. అది ఎక్కువైతే ముక్కు వాసన కూడా పట్టలేదు. రెండు మూడు ఊపిర్లలోనే మనిషి కూలిపోవచ్చు. కాపాడబోయి దిగినవారూ అలాగే ప్రాణాలు పోగొట్టుకుంటారు. 2013 నాటి చట్టం ప్రకారం, రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని అందులోకి దింపడం నేరం. మొదటిసారికే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి మరణాలకు ఇచ్చే పరిహారాన్ని 2023లో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కాని ఏ పరిహారమూ పిల్లలకు తండ్రిని తెచ్చి ఇవ్వలేదు. ట్యాంకు నిండితే పీల్చే యంత్రం ఉన్న లారీని పిలవండి. పనివాడు "నేను దిగుతానండీ, ఒక 500 ఇవ్వండి" అన్నా వద్దనండి. ఆ మాట ఒప్పందం కాగితంలో మొదటి వరసలోనే రాసుకోండి.

ఇప్పుడే మీ మేడ మీదికి ఒకసారి ఎక్కి చూడండి. వాన గొట్టం నోట్లో ఆకులు కనిపిస్తే, ఆ ఆదివారమే సంఘాన్ని పిలవండి. మొదటి పని అక్కడే మొదలవుతుంది.