ఫోరెన్సిక్ కోర్సులకు గిరాకీ.. కొలువులకు పోటీ

బాలాపూర్: ఇంటర్‌లో సైన్స్ చదివిన బాలాపూర్, ఎల్బీనగర్ ప్రాంత విద్యార్థులకు ఫోరెన్సిక్ సైన్స్ కొత్త దారిగా కనిపిస్తోంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ ఇందుకు ఊతమిస్తోంది. ఏడేళ్లు, ఆపై శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలికి వెళ్లి ఆధారాలు సేకరించాలన్నది ఈ నిబంధన. అమలుకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చారు.

అయితే పట్టా ఉంటే కొలువు ఖాయమనుకోరాదు. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ప్రయోగశాల, రామంతాపూర్‌లోని కేంద్ర ప్రయోగశాలల్లో పోస్టులు పరిమితం. నోటిఫికేషన్ వెలువడితేనే భర్తీ. రసాయన, భౌతిక, జీవశాస్త్ర పట్టభద్రులూ పోటీపడతారు. అందువల్ల ముందు ఈ శాస్త్రాల్లో డిగ్రీ చేసి, పీజీలో ఫోరెన్సిక్ ఎంచుకుంటే ప్రత్యామ్నాయ అవకాశాలూ మిగులుతాయి. రుసుము చెల్లించే ముందు పాత నోటిఫికేషన్లలోని అర్హతలను సరిచూసుకోవడం మేలు.