ప్రమాదస్థలమున బాటసారి బాధ్యత

ఉత్తరప్రదేశములోని గ్రేటర్ నోయిడా నుండి ఆగ్రా వరకు 165 కిలోమీటర్ల పొడవున యమునా ఎక్స్‌ప్రెస్ రహదారి సాగియున్నది. 2012లో ప్రజల ఉపయోగమునకు తెరవబడిన ఈ మార్గము విశాలమైనది. కనుకనే వేగమునకు అవకాశ మెక్కువ. శీతకాలపు వేకువలలో పొగమంచు కమ్మినప్పుడు ముందున్న వాహనము కానరాదు. ఒక బండి ఆగిపోయినచో వెనుక వచ్చునవి ఒకదానికొకటి ఢీకొనుట పలుమార్లు జరిగినది.

ఇట్టి చోట గాయపడినవాని ప్రాణము వైద్యుని చేతికి వచ్చుటకు ముందు దారిన పోవువాని చేతిలో నుండును. రక్తము ధారగా స్రవించుచున్నచో కొలది నిమిషములలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. అయినను జనులు చుట్టుమూగి చూతురే గాని చేయి వేయుటకు వెనుకాడుదురు. వారు కఠినహృదయులని తలంపరాదు. పోలీసు స్టేషను చుట్టు, కోర్టు చుట్టు తిరుగవలసివచ్చునను భయమే ముఖ్యకారణము.

ఈ భయమునకు ఆధారము లేకపోలేదు. కారు తగిలి గాయపడిన యొక స్కూటరు ప్రయాణికుని దగ్గరి ఆసుపత్రికి కొనిపోగా, పోలీసు కేసులు చూచు అధికారము తమకు లేదని, 20 కిలోమీటర్ల దూరమున నున్న మరియొక ఆసుపత్రికి పొమ్మనిరి. దారిలోనే అతడు మరణించెను. పత్రికలో వచ్చిన ఈ వార్త ఆధారముగా దాఖలైన పరమానంద్ కటారా వ్యాజ్యములో, ప్రాణరక్షణ ముందు, పోలీసు విధులు పిమ్మట అని 1989లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను ఇందుకు బద్ధుడే.

బాటసారికి రక్షణ మాత్రము చాల ఆలస్యముగా వచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమున చేర్చబడిన 134ఎ సెక్షను ప్రకారము, సద్బుద్ధితో సాయపడినవానిపై, ఆ సాయములో పొరపాటు జరిగినను, సివిలు గాని క్రిమినలు గాని బాధ్యత మోపరాదు. పేరు, చిరునామా చెప్పుమని నిర్బంధింపరాదు. సాక్షిగా నుండుట అతని ఇష్టము. 2021 నుండి నగదు బహుమతియు కలదు; బహుమతికై ఎవరును రక్తపు మడుగులో చేయి పెట్టరనుట వేరు సంగతి.

సాయపడదలచినవాడు మొదట తన వాహనమును రోడ్డు అంచున, హెచ్చరిక దీపములు వెలిగించి నిలుపవలెను. పొగమంచులో అతడే రెండవ క్షతగాత్రుడు కారాదు. పిదప 112కు గాని, 2005లో హైదరాబాదున మొదలై పలు రాష్ట్రములకు వ్యాపించిన 108కు గాని ఫోను చేసి, దగ్గరి కిలోమీటరు రాతిపై నున్న అంకెను, ఏ ఊరి వైపు పోవు దారియో చెప్పవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డను మడిచి గట్టిగా అదిమి పట్టవలెను. గుడ్డ తడిసినచో దానిని తీయక, పైన మరియొకటి ఉంచి అదుమవలెను. చూచుటకై మాటిమాటికి ఎత్తుట వలన గడ్డకట్టుచున్న రక్తము మరల స్రవించును.

దాహమని యడిగినను నీరు గాని టీ గాని ఇయ్యరాదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును. మంటలో, మరియొక వాహనమో మీదికి వచ్చు ప్రమాదమున్న తప్ప కాళ్లు చేతులు పట్టి లాగరాదు. మెడ యెముక విరిగియుండవచ్చును. స్మృతిలేనివానికి వాంతి యగుచున్నచో తలను, మెడను, మొండెమును కలిపి పట్టి ఒక్కసారిగా ప్రక్కకు ఒత్తిగిలింపవలెను.

ఆసుపత్రిలో అప్పగించిన వెంటనే తెచ్చినవాడు వెళ్లిపోవచ్చును. కోరినచో, గాయపడినవానిని తెచ్చిన సమయము, ప్రమాదస్థలము వ్రాసిన పత్రమును అక్కడనే అడిగి తీసికొనవచ్చును.