పెద్దాయన పేరు మీద స్కాలర్‌షిప్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎవరికివ్వాలి



చాకీ పురుగుల సంగతి ఏ వేళ అడిగినా విసుక్కోకుండా చెప్పిన మన పెద్దాయన పోయాక, ఆయన పేరు మీద ఏదైనా చేయాలని గుంపులో చాలామంది అంటున్నారు. కొందరు మార్కెట్ దగ్గర చలివేంద్రం అన్నారు. ఎక్కువమంది అడిగింది మాత్రం డిగ్రీలో జీవశాస్త్రం చదివే మన పిల్లలకు స్కాలర్‌షిప్. "జీవశాస్త్రమే ఎందుకు, ఇంజనీరింగ్ వాళ్లేం పాపం చేశారు?" అని హోసూరు వైపు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే, ముందు దాని సంగతి చూద్దాం.

1860ల్లో ఫ్రాన్స్ దేశం దక్షిణాన పట్టుపురుగుల పెంపకం పెబ్రిన్ దెబ్బకు కూలిపోయింది. కర్ణాటక వైపు మనం గంటురోగం అంటామే, అదే. 1865లో లూయీ పాశ్చర్‌ను ఆయన గురువు డ్యూమా అక్కడికి పంపించాడు. పాశ్చర్ రసాయన శాస్త్రం చదివిన మనిషి, పట్టుపురుగును అంతవరకు చేత్తో పట్టి ఎరగడు. గూడును చెవి దగ్గర ఊపి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడని కీటకాల మీద పుస్తకాలు రాసిన ఫాబర్ చెప్పాడు. మన ఇళ్లలో నాలుగేళ్ల పిల్లకు తెలిసిన సంగతి! అయినా ఏళ్ల తరబడి అక్కడే పనిచేసి, తల్లి నుంచి గుడ్డుకు రోగం పోతుందని తేల్చాడు. ఒక్కో తల్లి సీతాకోకచిలుకను విడిగా గుడ్లు పెట్టించి, తర్వాత దాన్ని నూరి మైక్రోస్కోపు కింద చూడాలి. రోగపు బీజాలు కనిపిస్తే ఆ గుడ్లు తీసి పారేయాలి. ఈ పద్ధతి మీద ఆయన పుస్తకం 1870లో వచ్చింది. ఇప్పుడు మనం కొనే వ్యాధిరహిత గుడ్లకు మూలం ఇదే. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థ నుంచి వచ్చిన సీఎస్ఆర్2, సీఎస్ఆర్4 పురుగులు, వీ1 మల్బరీ కూడా జీవశాస్త్రం చదివిన వాళ్ల పనే. మైక్రోస్కోపు ముందు కూర్చునే పిల్ల పురుగుల ఇంట్లో పుట్టినదైతే, పాశ్చర్ ఏళ్ల మీద నేర్చుకున్నదాంట్లో సగం ఇంటి నుంచే తెచ్చుకుంటుంది. అందుకే మేము జీవశాస్త్రం వైపు.

ఒకరి జ్ఞాపకంగా చదువుకు డబ్బు పెట్టడం కొత్తేమీ కాదు. మొక్కల స్పందన మీద పనిచేసిన జగదీశ్ చంద్రబోస్ పుట్టి నూరేళ్లయిన 1958లో, ఆయన పేరు మీద కోల్‌కతాలో సైన్సు ప్రతిభా పరీక్ష మొదలైంది. పశ్చిమ బెంగాల్ పిల్లలకు అది ఇప్పటికీ నడుస్తోంది. అంత పెద్దది మన వల్ల కాదు. కానీ నిలబడాలంటే చిన్నదానికైనా పద్ధతి ఒకటే: అసలు ముట్టకూడదు, వడ్డీనే ఇవ్వాలి.

లెక్క చూడండి. 2 లక్షలు పోగై, బ్యాంకు 7 శాతం ఇస్తే ఏడాదికి 14,000. ఒక్కరికే సరిపోతుంది. ఇద్దరికి పంచితే తలా 7,000, అది పుస్తకాలకు, బస్సు పాసుకు. వడ్డీ తగ్గిన ఏడాది ఇచ్చేదీ తగ్గుతుంది. అప్పుడు అసల్లోంచి కొంచెం తీద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అక్కడే చాలా నిధులు ఎండిపోతాయి.

ఎవరి పేరున వేయాలన్నది అసలు చిక్కు. ఒక మనిషి ఖాతాలో వేస్తే ఆ వడ్డీ ఆయన ఆదాయం కింద లెక్కకొస్తుంది, రేపు వాళ్లింట్లో పంపకాలొస్తే ఈ డబ్బూ అందులో పడుతుంది. కాబట్టి అది వద్దు. ట్రస్టు రిజిస్టరు చేయొచ్చు, పాన్ తీయొచ్చు, కానీ ఏటా లెక్కలు రాసే ఓపిక ఉన్నవాళ్లు కావాలి. మూడో దారి, ఏదైనా విశ్వవిద్యాలయంలో శాశ్వత నిధిగా జమ చేయడం. చాలా విశ్వవిద్యాలయాలు అలా తీసుకుని, ఇచ్చినవారు కోరిన పేరుతో ఏటా ఇస్తాయి. చింతామణిలో పట్టు కళాశాల ఉంది, తమిళనాడులో మేట్టుపాళయం అటవీ కళాశాలలో పట్టుపురుగుల డిగ్రీ ఉంది. అయితే అక్కడ చాలాసార్లు మార్కులే కొలత. మన ఇంటి బిడ్డకే అందాలంటే ఆ షరతు పత్రంలో ముందే రాయించాలి, తర్వాత అడిగితే కుదరదు.

ఇంకొకటి. డబ్బు అడ్మిషన్ వేళకే చేతికి రావాలి. పరీక్షలయ్యాక సభ పెట్టి, శాలువా కప్పి ఇచ్చే స్కాలర్‌షిప్ అప్పటికే చేసిన అప్పుకు వడ్డీ కడుతుంది. మన రాబడి పంట పంటకూ వచ్చేది, కాలేజీ వాళ్లు గూళ్ల ధర చూసి ఫీజు అడగరు కదా.

ఈలోగా పిల్లలకు ఒక మాట చెప్పండి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 80,000 ఉంది. అందులో 60,000 చేతికి, 20,000 వేసవి పరిశోధనకు. పన్నెండో తరగతిలో తమ బోర్డులో పై 1 శాతంలో ఉండి, జువాలజీ, బోటనీ, మైక్రోబయాలజీ లాంటి మూల సైన్సులతో డిగ్రీలో చేరినవాళ్లకు. వ్యవసాయం, ఇంజనీరింగ్, వైద్యం డిగ్రీలకు వర్తించదు, కాబట్టి చేరకముందే సబ్జెక్టుల జాబితా చూసుకోవాలి. ఆ 1 శాతానికి కొంచెం కింద ఆగిపోయే పిల్లలే మన లెక్కలో ఉండాలని మా అభిప్రాయం.

ట్రస్టా, విశ్వవిద్యాలయమా, ఏదో ఒకటి రాసి పంపండి. నాలుగో జ్వరం దాటి ఆకు పనిలో మునిగినవాళ్లు గూళ్లు అమ్ముకున్నాకే రాయండి, తొందరేం లేదు. డబ్బు మాత్రం ఇప్పుడే ఎవరి ఖాతాకూ వేయొద్దు.