నూనెకు లొంగని స్క్రూ

"ఎంత డబ్ల్యూడీ-40 కొట్టినా పినియన్ గ్రబ్ స్క్రూ ఊడి రావడం లేదు, ఇంకేం కొట్టమంటారు?" ఆర్సీ (రేడియో కంట్రోల్) బొమ్మ కార్ల వాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. పినియన్ అంటే మోటారు షాఫ్ట్ మీది చిన్న పళ్లచక్రం, దాన్ని షాఫ్ట్‌కు బిగించేది గ్రబ్ స్క్రూ. కారు మారుతుంది, ఊరు మారుతుంది, చేతిలోని డబ్బా మాత్రం మారదు. నా జవాబు ఒకటే: ఇంకేమీ కొట్టకండి. కొట్టినదాన్ని కూడా గుడ్డతో శుభ్రంగా తుడిచేయండి. తర్వాత చేయాల్సిన పని వేడితో, అది చూస్తే మండే సరుకు.

నూనె మీద నాకేం పగ లేదు. డబ్ల్యూడీ-40ని 1953లో అమెరికాలోని శాన్‌డియాగోలో తయారుచేసిందే లోహం మీది నీటిని తరిమి తుప్పును ఆపడానికి. అట్లాస్ క్షిపణి పైరేకులకు పూసేవారు. విశాఖ బీచ్‌లో ఉప్పునీళ్లలో పరిగెత్తించి, కడక్కుండా అటక ఎక్కించిన కారుకైతే నూనె కొట్టి రాత్రంతా వదిలేయడం సరైన వైద్యమే. కానీ ఒక్క తుప్పు మరక లేకుండా మెరుస్తున్న కారులో స్క్రూ కదలనంటే, ఆ నేరం తుప్పు మీద ఎందుకు వేస్తారు? దాన్ని ఎవరో కావాలనే అతికించారు.

ఆర్సీ కారులో లోహం లోహంలోకి దిగే ప్రతిచోటా, అంటే పినియన్, మోటార్ మౌంట్, డ్రైవ్‌షాఫ్ట్ లాంటి చోట్ల, అదురుకు స్క్రూలు వదులు కాకుండా థ్రెడ్‌లాకర్ వేస్తారు. ఈ జిగురు నాకు మహా ఇష్టమైన విషయం, కాస్త ఓపిక పట్టండి. మామూలు జిగుళ్లు గాలి తగిలితే ఆరతాయి. ఇది గాలి తగలకపోతేనే గట్టిపడుతుంది, అదీ లోహం పక్కన ఉండాలి. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇలాంటి పదార్థం ముందే దొరికింది గానీ, దానిలోకి ఎప్పుడూ గాలి ఊదుతూ ఉంటే తప్ప నిల్వ ఉండేది కాదు. 1953లో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ దాన్ని సీసాలో నిల్వ ఉండేట్టు చేశాడు. లాక్‌టైట్ పుట్టింది అలాగే. ఆ సీసా కొన్నప్పుడు సగమే నిండి ఉందని దుకాణదారుతో గొడవపడేవాళ్లున్నారు. మోసమేమీ లేదు. ఆ మిగతా సగం గాలే జిగురును ద్రవంగా నిలబెడుతుంది.

సరే, ఊడదీయడం ఎలా? బెల్లం పాకంలో గరిటె వదిలేసి మర్చిపోయారనుకోండి. పొద్దున్నకి గిన్నె, గరిటె ఒకటైపోతాయి. అప్పుడు మీ అమ్మమ్మ గరిటె చుట్టూ నూనె పోస్తుందా? గిన్నెను పొయ్యి మీద పెడుతుంది. థ్రెడ్‌లాకర్ సంగతీ అంతే. తయారీదారుల సూచనల్లోనే సుమారు 250 డిగ్రీలకు వేడిచేసి, వేడి మీదే విప్పమని ఉంటుంది. వేడి మీదే అన్న మాట ముఖ్యం. పాకం చల్లారాక గరిటె లాగితే మొదటికే వస్తుంది. అయితే పాకం కరిగి మళ్లీ గట్టిపడుతుంది, ఈ జిగురు కరగదు, మెత్తబడుతుంది. ఒకసారి విరిగితే పొడిగా రాలుతుందే తప్ప మళ్లీ అతుక్కోదు. బెల్లానికి అంత వైరాగ్యం లేదు.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా ఒక మాట అంటారు: "వేడికి లోహం వ్యాకోచిస్తుంది కదా, అందుకే వదులవుతుంది." లెక్క వేద్దాం. మరచుట్ల వ్యాసం 3 మిల్లీమీటర్లున్న ఉక్కు స్క్రూ అల్యూమినియంలో ఉంది. రెండింటినీ 100 డిగ్రీలు వేడెక్కిస్తే, రెంటి వ్యాకోచంలో తేడా సుమారు మూడు మైక్రాన్లు. తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. పైగా పినియన్ సాధారణంగా ఉక్కే, స్క్రూ కూడా ఉక్కే, తేడా ఇంచుమించు సున్నా. అదీగాక వేడి ఇవ్వడానికి సోల్డరింగ్ ఐరన్ పెట్టేది స్క్రూ తల మీద. ముందు వేడెక్కి ఉబ్బేది స్క్రూయే. వ్యాకోచమే అసలు కారణమైతే ఐరన్ పెట్టగానే ఇంకా బిగుసుకోవాలి. అలా జరగదు, ఎందుకంటే పని చేస్తున్నది వ్యాకోచం కాదు, మెత్తబడ్డ జిగురు.

ఇక పనిలోకి దిగుదాం. ముందు బ్యాటరీ తీసేయండి. స్క్రూ తల గుంటలోని మట్టిని గుండుసూదితో గీకి తీయండి, లేకపోతే అలెన్ కీ సగమే దిగుతుంది. తర్వాత ఐరన్ కొన స్క్రూకే ఆనించి ఒక ఇరవై, ముప్పై సెకన్లు ఉంచి, వెంటనే కీ దించి తిప్పండి. రాకపోతే మోటారును చల్లారనిచ్చి మళ్లీ. తొందరపడి షాఫ్ట్ మొత్తం కాల్చొద్దు. బ్రష్‌లెస్ మోటారులో అయస్కాంతం ఉండేది ఆ షాఫ్ట్ మీదే. మామూలు రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలవుతుంది.

కీ కూడా సరైనదై ఉండాలి. కొన్ని పినియన్ స్క్రూలకు 1.5 మిల్లీమీటర్ల కీ కావాలి, కొన్ని అమెరికా రకాలకు అంగుళంలో పదహారో వంతు, అంటే 1.59. చిన్న కీ రెంటిలోనూ దూరుతుంది, రెండోదాంట్లో లొడలొడలాడి మూలలు కొట్టేస్తుంది. టామియా కార్లలోని ప్లస్ ఆకారపు స్క్రూలు జపాన్ జేఐఎస్ కొలతలవి, మనం వాడే స్టార్ స్క్రూడ్రైవర్ ఫిలిప్స్ కొలతలది. చూడ్డానికి ఒకటే, కానీ గట్టిగా తిప్పితే జారిపోతుంది. ఇక కొన అరిగిన కీకి ఆయుధపూజ నాడు ఎంత కుంకుమ పెట్టినా కొత్త అంచులు రావు.

తల అప్పటికే స్లిప్ అయిపోతే? రబ్బరు బ్యాండు మధ్యలో పెట్టి తిప్పే వీడియోలు చూసే ఉంటారు. మెత్తటి, పెద్ద స్క్రూలకు ఎప్పుడైనా పనిచేస్తుందేమో గానీ, జిగురుతో బిగిసిన 3 మిల్లీమీటర్ల స్క్రూ ముందు ఆ బ్యాండు ముక్కలవడం తప్ప ఏమీ జరగదు. దానికి బదులు గుంట కన్నా కాస్త పెద్దదైన, ఆరు కొనల టార్క్స్ బిట్‌ను సుత్తితో మెల్లగా కొట్టి దించండి. 2 మిల్లీమీటర్ల ఆరు మూలల గుంట మూల నుంచి మూలకు 2.31, టీ9 బిట్ 2.5. ఆ కాస్త ఎక్కువే దాని పట్టు. అదీ కుదరకపోతే రోటరీ టూల్‌తో తల మీద గాడి కోసి మైనస్ స్క్రూడ్రైవర్ వాడొచ్చు. తల బయటికున్న స్క్రూ అయితే చివరి ఉపాయం డ్రిల్. 3 మిల్లీమీటర్ల బిట్‌తో తల ఎగరగొడితే బిగుతు పోతుంది, మిగిలిన కాడను శ్రావణంతో పట్టి తిప్పేయొచ్చు.

ప్లాస్టిక్ ఛాసీలోకి దిగిన స్క్రూలకు ఈ వేడి వైద్యం చేయకండి, రంధ్రం చుట్లు మెత్తబడి చెడతాయి. అక్కడ బిగుతు జిగురుది కాదు, ప్లాస్టిక్‌ది. మంచి కీ, మణికట్టు బలం చాలు. లోహంలోకి వెళ్లే కొత్త స్క్రూకు మాత్రం ఎరుపు రకం కాకుండా, చేతి పనిముట్లతో ఊడివచ్చే నీలం రకం థ్రెడ్‌లాకర్ ఒక చిన్న చుక్క వేయండి. అది కారు పైనున్న పాలీకార్బొనేట్ బాడీకి అంటకుండా చూసుకోండి, అంటితే పగుళ్లు ఇస్తుంది.