తేదీ తారుమారు కాకుండా డేటాబేసుకు చేర్చడం ఎలా?



నేను బి.కాం. చదివి, ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ప్రోగ్రాములు రాయడం నా వృత్తి కాదు. కాని తేదీ తప్పితే ఎంత నష్టమో కౌంటరు వెనుక కూర్చుని చూసినవాణ్ణి. మన ట్రస్టు స్కాలర్‌షిప్పు దరఖాస్తులను వెబ్ ద్వారా తీసుకోవాలని అనుకున్నప్పుడు కంప్యూటరు కోర్సు చదువుతున్న మన పిల్లలే ఫారం తయారుచేశారు. దాన్ని సరిచూసే పని నాకు అప్పగించారు. ఆ పనిలో నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక సంగతి చెప్పాలి. 2025లో విడి ఘర్‌కుల్ నుండి ఒక అమ్మాయి తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చింది. తండ్రి పవర్‌లూమ్ మీద పని, తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. అమ్మాయి వేరే ఒక సంస్థ స్కాలర్‌షిప్పుకు వెబ్‌లో దరఖాస్తు చేసింది. జూలై 1 నాటికి 18 ఏళ్లు నిండాలని వారి నియమం. ఆమె పుట్టింది 2007 మార్చి 9న. అయినా "వయసు చాలదు" అని దరఖాస్తు తిప్పికొట్టారు. ఆమె చేతిలోని ప్రింటు మీద 09/03/2007 అని సరిగానే ఉంది. స్కూలు దాఖలాలోనూ అదే ఉంది. నేను వారితో ఆ ఆఫీసుకు వెళ్లి, "అయ్యా, మీ తెర మీద నెల పేరు చదవండి" అని అడిగాను. ఆయన చదివింది సెప్టెంబరు 3! సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఫీజు గడువు వచ్చింది, తండ్రి కార్ఖానాలో అడ్వాన్సు తీసుకుని కట్టాడు. ఆ అడ్వాన్సు తరువాత వారం వారం కూలిలో కోత పడింది.

ఇది ఎలా జరుగుతుందో మన ఫారం పరీక్షించినప్పుడు నాకు తెలిసింది. మొదట మన ఫారంలోనూ అదే లోపం ఉంది.

డేటాబేసు లోపల ఒక పేరు పెట్టి దాచి ఉంచిన ఆదేశాల వరుసను స్టోర్డ్ ప్రొసీజర్ అంటారు. బ్యాంకుతో పోల్చి చెబుతాను. ఖాతాదారు విత్‌డ్రాయల్ ఫారం నింపి కౌంటరులో ఇస్తాడు. లోపల సంతకం చూడడం, నిల్వ చూడడం, లెడ్జరులో రాయడం ఒక పద్ధతిలో జరుగుతాయి. ఖాతాదారు లోపలికి వచ్చి లెడ్జరు ముట్టుకోడు. అలాగే వెబ్ అప్లికేషను ప్రొసీజరును పేరుతో పిలిచి కావలసిన విలువలు మాత్రమే ఇస్తుంది. ఆ విలువలను పారామీటర్లు అంటారు. పుట్టిన తేదీ అలాంటి ఒక పారామీటరు.

మన పిల్లలు మొదట చేసిన పని ఏమిటంటే, తెర మీద టైపు చేసిన 09/03/2007 అనే అక్షరాలను ఉన్నదున్నట్లు ఆదేశంలో అతికించి పంపారు. మనం ముందు రోజు, తరువాత నెల రాస్తాం. అమెరికాలో ముందు నెల, తరువాత రోజు. మైక్రోసాఫ్ట్ ఎస్.క్యూ.ఎల్. సర్వరులో లాగిన్ భాష అమెరికన్ ఇంగ్లీషు అయితే ఆ అక్షరాలను సెప్టెంబరు 3గా చదువుతుంది. భాష బ్రిటిష్ ఇంగ్లీషు అయితే మార్చి 9గా చదువుతుంది. అందుకే ఒక కంప్యూటరులో సరిగా నడిచిన ప్రోగ్రాము మరొక సర్వరు మీద తప్పుతుంది.

ఇక్కడ ఒక లెక్క గమనించండి. 25/03/2007 పంపితే 25వ నెల లేదు కనుక సర్వరు తప్పు చూపి ఆగిపోతుంది, మనకు తెలిసిపోతుంది. రోజు 12 లోపు ఉంటే ఆగదు. అలాంటి తేదీలు ఏడాదికి 12 నెలల్లో 12 చొప్పున 144. వాటిలో 1/1, 2/2 లాంటివి 12 తిరగేసినా మారవు. మిగిలిన 132 తేదీలు చప్పుడు లేకుండా మారిపోతాయి. అంటే ఏడాదిలో మూడో వంతుకు పైగా. పైగా మన మహారాష్ట్రలో పాత రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు చాలామందికి జూన్ 1 అని రాశారు. అది జనవరి 6 అయిపోతుంది. జకార్డులో ఒక కార్డు తిరగబడితే మగ్గం ఆగదు, చద్దరు మీద పువ్వు మాత్రం తప్పుతుంది. ఇదీ అంతే.

కనుక తేదీ అక్షరాలుగా ప్రయాణం చేయకూడదు, తేదీగానే ప్రయాణం చేయాలి. దానికి మేము పాటించిన పద్ధతి ఇది.

1. పేజీలో అడిగే తీరు: నేటి బ్రౌజర్లలో తేదీ కోసమే ఉన్న గడి వాడండి. తెర మీద ఏ వరుసలో కనిపించినా అది సర్వరుకు సంవత్సరం, నెల, రోజు వరుసలోనే పంపుతుంది. లేదా రోజుకు, నెలకు, సంవత్సరానికి వేర్వేరు గడులు ఇవ్వండి. సి.టి.ఎస్.-2010 చెక్కుల మీద తేదీకి గడులు వేసి, కింద ఏ గడిలో ఏది రాయాలో అచ్చు వేసినది ఇందుకే.

2. ఒక్కసారే మార్చడం: అప్లికేషనులోకి రాగానే, వరుస ఏదో స్పష్టంగా చెప్పి ఆ అక్షరాలను తేదీగా మార్చండి. డాట్‌నెట్‌లో దీనికి పార్స్ ఎగ్జాక్ట్ అనే సదుపాయం ఉంది. అందులో పెద్ద అక్షరాల ఎం.ఎం. అంటే నెల, చిన్న అక్షరాలవి నిమిషాలు. మారకపోతే ఊహించి నింపకండి, విద్యార్థినే మళ్లీ అడగండి.

3. పారామీటరు రకం: ప్రొసీజరులో ఆ పారామీటరును అక్షరాల రకంగా కాక తేదీ రకంగా ప్రకటించండి. ఎస్.క్యూ.ఎల్. సర్వరులో 2008 వెర్షను నుండి గంటలు లేని "డేట్" రకం ఉంది. అప్లికేషను వైపు కూడా అదే రకం పారామీటరుతో పంపండి. అప్పుడు ముందు రోజా, ముందు నెలా అన్న ప్రశ్నే రాదు. ఆదేశంలో అక్షరాలు అతికించనందువల్ల, ఆ గడిలో దొంగ ఆదేశాలు చొప్పించే దారి కూడా మూసుకుపోతుంది.

4. అక్షరాలుగా రాయక తప్పకపోతే: ఎస్.క్యూ.ఎల్. సర్వరుకు గీతలు లేకుండా 20070309 అని ఎనిమిది అంకెలు రాయండి. 2007-03-09 అని గీతలతో రాస్తే పాత "డేట్‌టైమ్" రకం, బ్రిటిష్ భాష ఉన్నచోట, దాన్ని కూడా సెప్టెంబరు 3గా చదువుతుంది. ఒరాకిల్‌లో అయితే టు_డేట్ ఫంక్షనుకు వరుస కూడా చెప్పి మార్చండి.

5. ఖాళీ తేదీ: తేదీ ఇవ్వకపోతే "నల్" పంపండి. ఖాళీ అక్షరాలు పంపితే ఎస్.క్యూ.ఎల్. సర్వరు వాటిని 1900 జనవరి 1గా మార్చుకుంటుంది. జాబితాలో నూరేళ్లు దాటిన విద్యార్థి కనిపిస్తే కారణం ఇదే అయి ఉండవచ్చు.

6. చివరి రోజు: "జూలై 31 వరకు వచ్చిన దరఖాస్తులు" అని అడిగేటప్పుడు, గంటలతో సహా నమోదైన చోట జూలై 31 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి మాత్రమే. ఆ రోజు ఉదయం 11 గంటలకు పంపినవాడు జాబితాలోకి రాడు. "ఆగస్టు 1 కంటే ముందు" అని అడగండి.

ఇంత చేసినా ఒక సరిచూపు మిగులుతుంది. చెక్కు మీద మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తాం. రెండూ వేరైతే అక్షరాలదే చెల్లుతుందని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షను చెబుతుంది. అదే తీరుగా, దరఖాస్తు నమోదు అయ్యాక డేటాబేసు నుండి తేదీని తిరిగి చదివి, నెల పేరుతో "9 మార్చి 2007" అని విద్యార్థికి చూపించండి. టైపు చేసిన అక్షరాలనే తిరిగి అచ్చు వేస్తే లాభం లేదు. ఆ అమ్మాయి ప్రింటు మోసం చేసింది అక్కడే.

పరీక్షించేటప్పుడు 5/5 లాంటి తేదీలతో తృప్తి పడకండి. 9/3 లాంటి తేదీ ఇచ్చి, డేటాబేసులో ఏ నెల చేరిందో చూడండి. అలా చూసినందువల్లే మన ఫారంలోని లోపం దరఖాస్తులు తెరవకముందే బయటపడింది.

కంప్యూటరు చదవని విద్యార్థులకు కూడా ఒక మాట. ఎక్కడ దరఖాస్తు చేసినా పుట్టిన తేదీలో నెల పేరు చదివి గాని పంపకండి. వయసు చాలదని తిరిగి వస్తే నిరాశ పడి ఊరుకోకుండా, ఆఫీసుకు వెళ్లి అక్కడ నమోదైన నెల ఏదో అడగండి. స్కూలు దాఖలా వెంట తీసుకెళ్లండి. అవసరమైతే నన్ను పిలవండి, తోడు వస్తాను.