నీటిని వడగట్టిన రెక్కల సరీసృపములు

చిలీ దేశపు ఉత్తరభాగమున నున్న అటకామా ఎడారి భూమిపై మిక్కిలి పొడి ప్రదేశములలో నొకటి. తూర్పున ఆండీస్ పర్వతములు మేఘములను అడ్డగించును; పడమట చల్లని సముద్రప్రవాహము వానమబ్బులను పెరుగనీయదు. అట్టిచోట, నీటిపై ఆధారపడి బ్రదికిన జంతువుల యెముకలు బయల్పడినవి. చిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన జొనాతన్ అలార్కాన్ బృందము సెర్రో టొర్మెంటో అను కొండవద్ద లభించిన వీనిని గూర్చి 2022లో లోకమునకు తెలిసినది. ఆ పేరునకు యాతనకొండ యని యర్థము. అచ్చట త్రవ్వినవారికి అది తగిన పేరనియే తోచియుండును.

అవి టెరోసార్ల యెముకలు. టెరోసార్లు పక్షులు కావు, డైనోసార్లును కావు. చర్మపు రెక్కలతో ఎగిరిన సరీసృపములు. తేలికగా ఎగురుటకై వాని యెముకలు బోలుగా, పలుచని గోడలతో నుండెను. అందుచే మట్టిబరువునకు నలిగి చదునగుటయే పరిపాటి. ఇచ్చటివి ఆకారము చెడక, పెక్కు జంతువులవి యొకేచోట దొరకుట అరుదైన విషయము. ఇవి గుంపులుగా మెలగెనని శాస్త్రజ్ఞుల యూహ. వీని వయస్సు పదికోట్ల సంవత్సరములకు పైమాటే.

మరి విడివిడి యెముకలను జూచి ఆ జంతువు ఏమి తినెనో చెప్పుట యెట్లు? తెలివిగల విద్యార్థి ఈ ప్రశ్న అడుగక మానడు. సన్నగా, పొడవుగా సాగిన మెడపూసలు టెనోకాస్మాటిడ్లను కుటుంబమునకు గుర్తు. దువ్వెన దవడ యని ఆ పేరునకు మూలార్థము. ఆ కుటుంబములోని మరియొక జంతువు నోరు, ఆండీస్ కావల, అర్జెంటీనాలోని సాన్ లూయిస్ రాష్ట్రమున చక్కగా నిలిచియున్నది. 1970లో హోసే బోనపార్తె దానికి టెరోడౌస్ట్రో అని పేరిడెను.

దాని మూతి పొడవై, కొన పైకి వంగియుండును. క్రింది దవడలో సుమారు 1000 పండ్లు! అవి కొరుకు పండ్లు కావు. కుంచె వెండ్రుకలవలె సన్నగా, ఒత్తుగా లేచిన పండ్లు. చూచువారికి నిజముగా దంతములేనా యను సందేహము కలుగును. పరీక్షింపగా దంతములే యని తేలినది. మడుగులో నోరు ముంచి, పట్టిన నీటిని వెలుపలికి నెట్టినచో, రొయ్యజాతి సూక్ష్మజీవులు లోపల చిక్కును. ఆ ప్రాంతముననే పిండముతో కూడిన గ్రుడ్డు లభించినట్లు 2004లో వెల్లడియైనది. అనగా ఆ నీటియొడ్డు దానికి మేతచోటు మాత్రమే కాదు, పిల్లలను కనుచోటు కూడ.

పులికాట్ సరస్సునకు వచ్చు ఫ్లెమింగో పక్షులను చూచినవారికి ఈ మేత క్రొత్త కాదు. ఆ పక్షి ముక్కును తలక్రిందుగా ముంచి, నాలుకతో నీటిని త్రోసి, ముక్కు అంచులందలి సన్నని పొరలతో వడగట్టును. పని యొకటే, పనిముట్టు వేరు: ఫ్లెమింగోకు పండ్లే లేవు, టెరోడౌస్ట్రోకు పండ్లే జల్లెడ. ఈ రెంటికిని దగ్గర చుట్టరికము లేదు. అటకామా ఉప్పుకొలనులలో నేడును మూడు జాతుల ఫ్లెమింగోలు నీటిని వడగట్టుచు మేయుచున్నవి.